ఎనిమిది వందల అరవై మూడు మంది

ఆ ఉదయం ఇస్త్రీ అక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. షిఫ్టు మొదలయ్యేలోపు లాండ్రీలో ఉన్న ఐదుగురిలో ఎందరికి వెన్నెముక ఉందో తేల్చాలి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఇస్త్రీ గదికి ఉన్నది ఒకటే కిటికీ. దుమ్ము పడుతుందని మేనేజరు దానికి మేకులు కొట్టించాడు. మనుషులు పడితే ఫరవాలేదు కాబోలు. పోయిన వారం చిరుగులు కుట్టే వదిన ఆవిరికి కళ్ళు తిరిగి మూటల మీద పడింది. కిటికీ తెరిచేదాకా పని ఆపేద్దామన్న మాట అందరి కడుపులోనూ ఉంది, ఎవరి నోట్లోనూ లేదు. లోగడ నోరు తెరిచినవాడికి మర్నాడే పని పోయింది. పైగా తమలో ఎవరో మేనేజరుకు కబుర్లు మోస్తున్నారని ఐదుగురికీ అనుమానం.

ఉపాయం చెప్పింది కాలేజీలో లెక్కలు బోధించే చెల్లెలు. "మనసులో ఒక పెద్ద అంకె అనుకో అక్కా. చీటీ మీద రాసి పక్కవాళ్ళకివ్వు. సిద్ధంగా ఉన్నవాళ్ళు ఒకటి కలుపుతారు, లేనివాళ్ళు ఊరుకుంటారు. కొత్త చీటీ రాసి పాతది చింపేసి ముందుకు పంపుతారు. తిరిగి నీ దగ్గరికొచ్చాక నీ అంకె తీసెయ్. మొత్తం తెలుస్తుంది, ఎవరి గుట్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇప్పుడు కంప్యూటర్లతో పెద్దపెద్దవాళ్ళు చేసేదీ ఇలాంటిదే."

అక్క 863 అనుకుంది. తన వంతు ఒకటి కలపబోయింది. చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. మిగతా నలుగురూ కలుపుతారులే అనుకుని 863నే రాసి వదిన చేతిలో పెట్టింది. చీటీ వదిన నుంచి బాయిలరు బాబాయికి, ఆయన నుంచి మూటల తాతకి, తాత నుంచి బండి తోలే బావకి వెళ్ళింది. ప్రతివాళ్ళూ దుప్పట్ల గుట్ట వెనక్కి వెళ్ళి, పరీక్ష రాసినంతసేపు ఉండి వచ్చారు.

బావ చివరి చీటీ జేబులో పెట్టుకుని అక్క దగ్గరికి వస్తుంటే గుమ్మంలో మేనేజరు ఎదురయ్యాడు.

"ట్రిప్పు చీటీ ఏదయ్యా?"

కంగారులో బావ దానికి బదులు జేబులోంచి అక్కకివ్వాల్సిన చీటీ తీసిచ్చాడు.

"ఎనిమిది వందల అరవై మూడా? ఇన్ని దుప్పట్లు ఎక్కించావా?"

"దుప్పట్లు కాదు సార్, మనుషులు."

"మనుషుల్ని ఎక్కించావా!"

"అయ్యో, కాదు సార్! కిటికీ తెరవకపోతే పని ఆపేసేవాళ్ళ లెక్కది. నా చేతికొచ్చేసరికే అంత ఉంది, నేనేం కలపలా!"

"మీరున్నదే ఐదుగురు కదయ్యా!"

"అందులోంచి కొంత తీసెయ్యాలంట సార్. ఎంతో అక్కకే తెలుసు."

మేనేజరు చీటీ పట్టుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి ఉరికాడు. "ఎంత తీసెయ్యాలి? చెప్పు!"

అక్క చీటీ చూసింది. పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. నలుగురిలో ఒక్కరూ కలపలేదు. ఉన్నమాట చెబితే కిటికీ సంగతి ఇక మర్చిపోవడమే, ఉద్యోగం సంగతి కూడా.

"చెప్పకూడదు సార్. చెబితే ఎవరి గుట్టూ నిలవదు."

"సగం తీసేసినా నాలుగొందల పైమాటే!" అని మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. ఐదుగురు ఇక్కడుంటే తక్కినవాళ్ళు ఎక్కడివాళ్ళు? ఆసుపత్రి వాళ్ళే అయ్యుంటారు! వెంటనే హెడ్ నర్సుకు ఫోన్ కొట్టాడు.

"మా కిటికీ విషయంలో మీవాళ్ళు ఎంతమంది ఉన్నారండీ?"

"కిటికీ ఏమిటి? ఎవరైనా పడ్డారా?"

"పోయిన వారం ఒకావిడ పడింది గానీ..."

"పోయిన వారం పడితే ఇవాళా చెప్పేది!"

"ఇంకా ఎనిమిది వందల పైచిలుకు సిద్ధంగా ఉన్నారండీ, వాళ్ళ గురించే నా బాధ!"

అవతల ఫోన్ ఠక్కున పెట్టేశారు. పావుగంటలో రెండు వ్యాన్లు వచ్చి ఆగాయి. తెల్ల కోట్లవాళ్ళు ఎనిమిదిమంది, నాలుగు స్ట్రెచర్లు, ముందు హెడ్ నర్సు. కిటికీ అద్దంలోంచి చూసిన మేనేజరుకు నోరెండిపోయింది. "వచ్చేశారు! మొదటి విడత!"

"పడినవాళ్ళెక్కడ?" అంటూ హెడ్ నర్సు ఇస్త్రీ గదిలోకి దూసుకొచ్చింది. కళ్ళజోడు మసకబారింది. రెండు నిమిషాలకు మొహం ఎర్రబడింది. మూడో నిమిషంలో ఆవిడే స్ట్రెచర్ మీద కూర్చుంది.

"ఈ కిటికీకి మేకులు కొట్టిన మహానుభావుడెవరు? తెరవండి ముందు! లేకపోతే మా దుప్పట్లు రేపట్నుంచి ఇంకోచోట ఉతికించుకుంటాం!"

మేనేజరు ఇంకొకరిని పిలవలేదు. సుత్తి తిరగేసి పదకొండు మేకులూ తన చేత్తోనే పీకాడు. ఆపైన దణ్ణం పెట్టి, "మిగతావాళ్ళకి కూడా కాస్త చెప్పమ్మా, వాళ్ళు రానక్కర్లేదని," అని అక్కను బతిమాలి వెళ్ళాడు.

తెల్ల కోట్లు వెళ్ళిపోయాక నలుగురూ అక్క చుట్టూ చేరారు. ఒక్కొక్కరూ తక్కినవాళ్ళ తెగువకు లోలోపల దణ్ణాలు పెట్టుకుంటున్నారు.

"ఇంతకీ లెక్క ఎంత తేలింది అక్కా?" అంది చిరుగులు కుట్టే వదిన.

అబద్ధం ఆడటం అక్కకు చేతకాలేదు. "తేడా ఏం లేదు. ఐదుగురం ఒకే అంకె వేశాం."

ఎవరి అంకె వాళ్ళకు తెలుసు. దాంతో మిగతా నలుగురిదీ తెలిసిపోయింది. ఇలా జరగొచ్చని చెల్లెలు చెప్పలేదు. బావ చెప్పుల వంక చూసుకున్నాడు. బాబాయికి బాయిలరు గుర్తొచ్చింది.

మూటల తాత ఒక్కడే కదలకుండా, గొంతు సవరించుకుని అన్నాడు: "ఈసారి ఇంకాస్త పెద్ద అంకెతో మొదలుపెట్టమ్మా."