లోపలి గడియ లేని ఇల్లు

తలుపుకి లోపలివైపు గడియ ఉండడం అనాగరికం! మొహమాటం లేకుండా చెబుతున్నాను. గడియ పెట్టుకునేవాళ్లు మూడు రకాలే: దొంగలు, దొంగలకి భయపడేవాళ్లు, పగటిపూట పడుకునేవాళ్లు. మీరు ఏ రకమో మీరే తేల్చుకోండి. నేను మాత్రం ఏ రకమూ కాదు. ఎందుకంటే మా ఇంటి తలుపుకి లోపల గడియే లేదు.

బయట ఉంది. మేం ఎక్కడికైనా వెళ్తే తాళం వేసుకోవడానికి గొళ్లెం ఉంది. లోపల మాత్రం చెక్క నున్నగా ఉంటుంది. ఒక్క మేకు మచ్చ కూడా కనబడదు.

ఇది వడ్రంగి మతిమరుపు అనుకునేరు! కాదండీ, ఇది విధానం.

కథలోకి వస్తాను. పగలంతా ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, వారానికోసారి పత్రికలో ఇలా మీ మీద పడే నాబోటివాడికి ఓ ఇల్లు దొరకడమంటే మాటలా? ఆరేళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. చివరికి ఓ ఫౌండేషన్ వారు దయతలచారు. అదొక కుటుంబం నడిపే సంస్థ. పెద్దాయన అధ్యక్షులు. ఆయన భార్య, మేమందరం అమ్మగారంటాం, ఉపాధ్యక్షురాలు. పెద్దబ్బాయి కట్టడాలు చూస్తాడు. చిన్నకోడలు కమ్యూనిటీ డెవలప్‌మెంట్ చూస్తుంది. వీళ్లందరూ చూస్తూ ఉండగా అల్లుడుగారు ఫొటోలు తీస్తారు.

నలభై ఇళ్లు కట్టారు. మా జీతాలకి తగ్గ అద్దె. గాలీ వెలుతురూ ఉన్నాయి, కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. ఈ రోజుల్లో ఇంత మంచివాళ్లు దీపం పెట్టి వెతికినా దొరకరు. ఇది వెటకారం కాదు, ఒట్టు!

వారి సిద్ధాంతం చాలా గొప్పది. "మనమంతా ఒకే కుటుంబం. ఒకే కుటుంబంలో గడియలెందుకు?" దీనికి ‘తెరిచిన తలుపు’ ప్రోగ్రాం అని పేరు పెట్టారు. వార్షిక నివేదికలో ఓ పేజీ దీనికే. ‘ఏ వేళనైనా తలుపు తెరుచుకునే ఇళ్లు: నూటికి నూరు శాతం’ అని పెద్దక్షరాల్లో వేశారు. మరి తెరుచుకోక ఏం చేస్తాయి?

దీనివల్ల మాకు కలిగిన లాభాలు చెబితే కుళ్లుకుంటారు మీరు.

ముందు ఆరోగ్యం. ఎనిమిది నెలలుగా నేను ఇంట్లో చొక్కా విప్పి కూర్చోలేదు. జలుబన్న మాటే లేదు! పెద్దబ్బాయికి చెమ్మంటే భయం. ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు తలుపు తోసుకుని వచ్చి, గోడకి చెంప ఆనించి, "ఇక్కడ చల్లగా ఉంది కదూ?" అంటాడు. నేను సగం గడ్డం గీసుకుని నురగతో నిలబడి ఉన్నా సరే, ఆ గోడ సంగతి తేలేదాకా కదలడు. అంత బాధ్యత గల మనిషి!

తర్వాత దాంపత్యం. ఈ ఇంట్లోకి వచ్చాక మేమిద్దరం ఒక్క పోట్లాట కూడా పూర్తి చెయ్యలేదు. మాటామాటా పెరిగి, మా ఆవిడ మా అమ్మ ప్రస్తావన తెచ్చి, నేను గట్టి సమాధానం దొరికి నోరు తెరిచే సరికి చిన్నకోడలు ఆరుగురు దాతలతో లోపలికొస్తుంది. "చూశారా, ఎంత ప్రశాంతంగా ఉంటారో!" అంటుంది. మేం నవ్వుతాం. పోయిన నెలవి మూడు పోట్లాటలు అలా అర్ధాంతరంగా మిగిలిపోయి ఉన్నాయి.

ఇక శుభ్రత! దాతలు బీరువా తెరిచి చూస్తారు. గిన్నెల మూతలు తీసి చూస్తారు. ఒకాయన మా మంచం మీద కూర్చుని రెండుసార్లు ఎగిరి, "బాగుంది" అని తలాడించి వెళ్లాడు. ‘ఇల్లు కట్టి చూడు’ అన్నారు పెద్దలు. కట్టాక రోజూ వచ్చి చూడమని వాళ్లు అనలేదు గానీ, అనుంటే ఎంత బాగుండేది!

స్నానానికి వెళ్లేటప్పుడు మాత్రం తలుపుకి కుర్చీ అడ్డం పెడతాం. కుర్చీ కదిలిన చప్పుడైతే లోపలున్నవాళ్లు గట్టిగా పాడాలని ఒప్పందం. అలా ఇంటిల్లిపాదికీ సంగీతం కూడా అబ్బింది.

ఇన్ని లాభాలున్నా మా ఆవిడకి కృతజ్ఞత లేదు. ఆడవాళ్ల బట్టలు కుడుతుంది తను. ముందుగదిలో మిషన్ వేసుకోవచ్చన్న ఆశతోనే ఆరేళ్లూ ఓపిక పట్టింది. ఓ రోజు ఒకావిడ కొలతలివ్వడానికి వచ్చింది. టేపు ఆవిడ నడుం చుట్టూ ఉంది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా పెద్దబ్బాయి, వెనకాల ఏడుగురు దాతలు. "ఇది మహిళా ఉపాధి," అని చిన్నకోడలు పరిచయం చేసింది. అల్లుడుగారు క్లిక్‌మనిపించారు.

ఆవిడ గుడ్డ తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆవిడతో వచ్చే నలుగురూ రాలేదు. మా ఆవిడ మిషన్ మీద దుప్పటి కప్పేసింది.

ఆ సాయంత్రం అంది, "పాత గదికి పోదామండీ."

"పిచ్చా నీకు? అక్కడ నిలబడితే కూర్చునే చోటు లేదు. వానొస్తే గొడుగేసుకుని తినేవాళ్లం!"

"అక్కడ ఇల్లు వాళ్లదైనా తలుపు మనది."

దీనికి జవాబు మీకు తోస్తే రాసి పంపండి. నిజం చెప్పొద్దూ, ఆ దుప్పటి కప్పిన మిషన్ కంటపడకుండా నేనే గోడవైపు తిరిగి అన్నం తినేవాణ్ని. దానంగా వచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెట్టకూడదని తెలుసు. కానీ ఆ ఆవుని ఇచ్చినవాళ్లు రోజూ వచ్చి మన పళ్లు లెక్కపెడుతుంటే ఏం చెయ్యాలో ఏ సామెతా చెప్పలేదు.

అందుకని అర్జీ పెట్టుకున్నాం. ‘లోపలివైపు గడియ ఒకటి, మేకులతో సహా, మా ఖర్చుతోనే.’

సమావేశం పెద్దాయన ఇంట్లో జరిగింది. ఆఫీసు అదే మరి. వాళ్లింట్లో కూడా ఏ తలుపూ మూసి ఉండదు. సిద్ధాంతం ముందు తమ మీదే అమలు చేసుకున్న నిజాయితీపరులు! హాల్లో అర్జీదార్లు, వంటింట్లో ఇంజనీర్లు. పడగ్గదిలో మంచం నిండా కొత్త ఇళ్ల ప్లాన్లు పరిచి ఉన్నాయి. అమ్మగారు కూర్చునే చోటు లేక కంచం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి తింటున్నారు.

పెద్దాయన అర్జీ రెండుసార్లు చదివారు. నిజంగానే నొచ్చుకున్నారు పాపం. "లోపల గడియ పెట్టుకుని ఏం చేస్తారమ్మా?" అని అడిగారు.

"ఏమీ చెయ్యమండీ," అంది మా ఆవిడ. "అందుకే."

ఎవరికీ అర్థం కాలేదు. గడియ వల్ల తలుపు బలహీనపడుతుందన్నాడు పెద్దబ్బాయి. నూరు శాతం కాస్తా తొంభై ఏడున్నర అవుతుందని అల్లుడుగారు అక్కడికక్కడే లెక్క కట్టారు. కమ్యూనిటీ దెబ్బతింటుందని చిన్నకోడలు కళ్లు తుడుచుకుంది. మూడు నెలలు అధ్యయనం చెయ్యడానికి సబ్‌కమిటీ వేశారు. అందులో సభ్యులు పెద్దబ్బాయి, అల్లుడుగారు, చిన్నకోడలు. గుమ్మంలో ఉన్న అమ్మగారు మాత్రం తినడం ఆపి మా ఆవిడ వంకే చూస్తున్నారు.

వారం తిరిగింది. నాకు సెలవు. మధ్యాహ్నం రెండింటికి ఓ వింత జరిగింది. తలుపు దగ్గర టకటకమని చప్పుడు. మేం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం.

"నాన్నా, తలుపు ఏదో అంటోంది," అంది మా అమ్మాయి.

ఎవరో తడుతున్నారండీ! ఎనిమిది నెలల్లో మొట్టమొదటిసారి!

తీస్తే అమ్మగారు. ఒక్కరే ఉన్నారు, చేతిలో సంచీ. "లోపలికి రావచ్చా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి ఏం సమాధానం చెప్పాలో మాకు వెంటనే గుర్తు రాలేదు.

కూర్చోకుండానే సంచీలోంచి కాగితం పొట్లం తీశారు. అందులో ఓ ఇత్తడి గడియ, మరలు.

"స్క్రూడ్రైవర్ ఉందా బాబూ?"

బిగించాను. కాస్త వంకరగా వచ్చింది గానీ పడింది. "పెట్టమ్మా," అన్నారు మా ఆవిడతో. టక్‌మంది. ఆ చప్పుడు విని అమ్మగారు మిషన్ పక్క కుర్చీలో కూలబడ్డారు. "ముప్ఫై ఏళ్లయింది," అన్నారు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. రెండు నిమిషాల్లో నిద్రపోయారు.

నలుగురికీ నీడ కల్పించిన మనిషికి కునుకు తియ్యడానికి చోటు లేదు. మా ఆవిడ అలా చూస్తూ నిలబడిపోయింది.

పావుగంటకి వీధిలో గోల. "అమ్మా! అత్తయ్యా! దాతలొచ్చారు, ఫొటో ఉంది!" ఒక్కో తలుపూ తోసి చూసుకుంటూ మా ఇంటికొచ్చారు. తోశారు. రాలేదు. మళ్లీ తోశారు. ఊహూఁ. మేం ఊపిరి బిగబట్టాం. అమ్మగారు ఒక కన్ను తెరిచి, వేలు పెదవుల మీద పెట్టుకుని, మళ్లీ కన్ను మూశారు.

బయట పెద్దబ్బాయి తలుపుకి చెంప ఆనించిన చప్పుడైంది. తర్వాత వాడి గొంతు, ఎంతో సంతోషంగా: "నే చెప్పలా! చెమ్మ! చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది!"

గడియ సంగతి ఎవరికీ తట్టనే లేదండీ. ఎలా తడుతుంది?

మిషన్ మళ్లీ తిరుగుతోంది. ఆనాడు కొలతలకొచ్చినావిడా, ఆవిడతో వచ్చే నలుగురూ తిరిగొచ్చారు. మా పోట్లాటలు కూడా ఒక్కొక్కటే పూర్తి చేసుకుంటున్నాం. అయినా నా సిద్ధాంతంలో మార్పు లేదు. గడియ అనాగరికమే. సబ్‌కమిటీ వారు అడిగితే మీరు కూడా అదే చెప్పండి. మా ఇంట్లో ఉన్నది గడియ కాదు, చెమ్మ.

అమ్మగారు ఇప్పటికీ రోజూ రెండింటికి వస్తారు, తట్టి మరీ. ఈ మధ్య ఆవిడ సంచీ బాగా బరువుగా ఉంటోంది. మా వరసలో ఒక్కో తలుపుకీ చెమ్మ పడుతోంది.