భూమవ్వ కోసం బ్యూగిల్

తెల్లవారుజామున ఐదింటికి లస్మయ్య సొంత ఇంట్లోంచే దొంగలా బయటపడ్డాడు. చంకలో తువ్వాలు చుట్టిన బ్యూగిల్ ఉంది. ఫోను ఇంట్లోనే వదిలేశాడు. భార్య భూమవ్వ జ్వరం తగ్గి జగిత్యాల ఆసుపత్రి నుంచి వచ్చి మూడు రోజులే అయింది కాబట్టి ఇంకా నిద్రపోతోంది. లేకపోతే ఆమె కన్నుగప్పి ఆ ఇంట్లో పిల్లి కూడా గడప దాటలేదు.

ఇవాళ్టికి వాళ్ళ పెళ్ళయి యాభై ఏళ్ళు. కొత్తకాపురం రోజుల్లో సైన్యం నుంచి సెలవు మీద వచ్చిన లస్మయ్య, పొద్దున్నే తాను బ్యూగిల్ ఊదితేనే పల్టన్‌లో ఎనిమిది వందల మంది లేస్తారని గొప్పలు పోయాడు. "నాకొక్కసారి వినిపియ్యరాదు" అందామె. బ్యూగిల్ సర్కారుది, ఇంటికి తేనివ్వరు. "కొనుక్కచ్చి నీకోసమే ఊదుత తీ" అని మాటిచ్చాడు. పిల్లలు, చదువులు, ఆమె ఒళ్ళో బీడీలు చుట్టే చాట... ఆ మాట మూలన పడింది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నప్పుడు అదే గుర్తొచ్చింది. మనవరాలు ప్రీతి చెవిన వేస్తే, ఆ పిల్ల ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టింది.

వాళ్ళ ఊరు రాయికల్ పొలిమేరలో కాలువ గట్టు మీద నిలబడి, మేలుకొలుపు పాట 'రౌజ్' అందుకున్నాడు. కట్టుడు పళ్ళు ససేమిరా అన్నాయి. బర్రె దగ్గినట్టు ఏదో వచ్చింది. విసిగిపోయి ఊరికే పెదవులు ఆనిస్తే, 'లాస్ట్ పోస్ట్' దానంతటదే వచ్చేసింది. చనిపోయిన సైనికుణ్ణి సాగనంపుతూ ఊదే పాట అది. ఎంతమందికి ఊదాడో! బ్యాండులో పక్కనే డ్రమ్ము కొట్టిన కర్నైల్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాడికి కూడా ఊదాడు. ఆ పిల్లవాడి నవ్వు గుర్తొచ్చి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

కాలువ అవతల బర్రెను తోలుకెళ్తున్న మాజీ హవల్దార్ దశరథం, ఆ పాట వినగానే పలుపు పట్టుకునే అటెన్షన్‌లో నిలబడిపోయాడు. తర్వాత ఆలోచించాడు. ఊదేది లస్మయ్యన్న. ఏడ్చేదీ అతనే. మొన్నటిదాకా ఆసుపత్రిలో ఉన్నది వదినె. ఇంకా అడగాల్సిందేముంది? మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు: "లస్మయ్యన్న భార్య భూమవ్వ ఇక లేరు."

రెండు గంటలు కుస్తీ పట్టాక లస్మయ్యకు రౌజ్ దారికొచ్చింది. హుషారుగా ఇంటిదారి పట్టాడు. వెనకనుంచి ఓ ఆటో వచ్చి ఆగింది. కోరుట్ల నుంచి వచ్చిన పాత దోస్తు జైపాల్, చేతినిండా బంతిపూల దండలతో దిగి అతన్ని కావలించుకున్నాడు.

"అన్నా, వదినె పోయిందట గదనే! గ్రూపుల సూశి ఉరికచ్చిన."

లస్మయ్య చేతిలోని బ్యూగిల్ వైపు చూశాడు. నేను బయలుదేరాక పోయిందన్నమాట! యాభై ఏళ్ళు ఆగింది, ఇంకో రెండు గంటలు ఆగలేకపోయిందా? ఆటో ఉన్న సంగతి కూడా మరిచి, డెబ్బై నాలుగేళ్ళ మనిషి బ్యూగిల్ పట్టుకుని పరుగెత్తాడు.

వాకిలి నిండా జనం. దశరథం అందరికన్నా ముందే వచ్చి, బర్రెను గేటుకు కట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. పక్కింటి చంద్రవ్వ "బంగారమసొంటి మనిషి" అంటూ శోకాలు పెడుతోంది. అరుగు మీద భూమవ్వే అందరికీ చాయ్ పోస్తోంది.

"గంటసేపట్నుంచి నేను సచ్చిన్నంటున్నరు" అందామె మొగుణ్ణి చూసి. "కాదంటె ఒక్కలు నమ్ముతలేరు. నువ్వేడ వోయినవయ్యా?"

వెనకే వచ్చిన జైపాల్ చేతిలోంచి దండలు జారి గేటు దగ్గర పడ్డాయి. లస్మయ్య అరుగు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నీకు వినిపియ్యకముందే పోయినవనుకున్ననే!"

భూమవ్వ చూపు బ్యూగిల్ మీద పడింది. యాభై ఏళ్ళ కిందటి మాట ఆమెకూ గుర్తుంది. అరుగు మీద అతని పక్కనే కూర్చుంది. "అయితె ఊదు" అంది మెల్లగా.

లస్మయ్య ఊపిరి తెచ్చుకుని లేచి నిలబడ్డాడు. ఈసారి పళ్ళు కూడా మాట విన్నాయి. రౌజ్ వాడంతా మోగింది. దశరథం, జైపాల్ మడమలు చేర్చి నిలబడ్డారు. చంద్రవ్వ శోకం మధ్యలో ఆగిపోయింది. పాట అయిపోయేదాకా భూమవ్వ చేతిలోని చాయ్ గ్లాసు కదల్లేదు.

"గింత మంచిగ ఊదుతవా?" అంది కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "గా ఎనిమిది వందల మంది రోజు ఇన్నరా? వాళ్ళ నసీబు. ఇంకొక్కసారి ఊదు."

దశరథం గొంతు సవరించుకున్నాడు. "తప్పేం కాలే వదినె. లాస్ట్ పోస్ట్ అయినంక రౌజ్ ఊదాలె, గది మిలిటరీ రూలే."

ఆమె గ్లాసు విసరబోతే పక్కకు జరిగి, గ్రూపులో దిద్దుబాటు పెట్టాడు: "భూమవ్వ గారు ఉన్నారు. దండలు బర్రె తిన్నది."