మెలెన్సియో రెండో రోజు ఆట

ఫిలిప్పీన్స్‌లో ఒబాండో ఊరి పండుగ మొదటి రోజు సాన్ పాస్కువల్ అనే సెయింటుది. తోడు కావాలనుకునే మగవాళ్లు ఆ రోజే వీధిలో చిందేసి ఆడాలి. అరవై రెండేళ్ల మెలెన్సియో ఆ పొద్దున గడప దాటాడు గానీ, సిగ్గు ముంచుకొచ్చి వెనక్కి తిరిగాడు. భార్య పోయి ఐదేళ్లు. ఇప్పటికీ అన్నానికి రెండు కంచాలు పెట్టుకుని, రెండోదాన్ని ఊరికే కడిగి బోర్లిస్తాడు. మర్నాడు ధైర్యం తెచ్చుకుని తెల్లచొక్కా తొడిగాడు. ఒక్క రోజు ఆలస్యానికి దేవుడేమంటాడు, నాలుగు అడుగులు వేసి ఎవరూ చూడకముందే వచ్చేద్దామనుకున్నాడు.

రెండో రోజు సాంటా క్లారాది. ఒంటరి ఆడవాళ్లు మొగుడి కోసం, పెళ్లయినవాళ్లు పిల్లల కోసం ఆడతారు. ఇక మగవాడు ఆడాడంటే పిల్లల కోసమే. పక్కింటి తిబూర్సియా చర్చి మెట్ల మీంచి అతని ఆట చూడనే చూసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏం అన్నా, పిల్లల కోసమా?"

తోడు కోసమని చెప్పడానికి నోరు రాక తల ఊపాడు.

"సిగ్గెందుకు? ఈ సెయింట్లు రాకముందు నుంచే మన అవ్వలు ఇక్కడ ఆడి పిల్లల్ని కన్నారు. ఇంతకీ కొత్త పెళ్లాన్ని ఎక్కడ దాచావ్?"

మధ్యాహ్నానికి ఊరంతా గుప్పుమంది, మెలెన్సియో ఇంట్లో పడుచు పెళ్లాం ఉందని. ఎవరో పాలు పడతాయని మునగాకు వేసిన కోడిపులుసు తెచ్చారు. తిబూర్సియా ఉయ్యాల మోసుకొచ్చింది. బ్యాండువాళ్లు వాకిట్లో చేరారు.

"అమ్మాయేదీ?"

"పడుకుంది," అన్నాడు మెలెన్సియో. నిజం చెబితే అందరూ వెళ్లిపోతారు. ఇన్నేళ్లకి ఇంట్లో మనుషుల మాటలు వినబడుతున్నాయి, ఇంకో గంట వింటే చాలనిపించింది. వాళ్లేమో అమ్మాయి నిద్ర చెడుతుందని గుసగుసలకి దిగారు.

చివరికి మంత్రసాని ఒనొరాటా సంచీతో వచ్చింది. ఆవిడ మొగుడు పోయి పదేళ్లయింది.

"పట్టపగలు ఇంత నిద్రేంటి? నాడి చూడాలి," అని గది తెర లాగింది.

మంచం మీద రెండు దిండ్లు, పోయిన భార్యది మడత పెట్టిన పాత పావడా ఒకటి.

"నాకు పిల్లలొద్దు," అన్నాడు మెలెన్సియో నేల చూస్తూ. "మాట్లాడే మనిషి కావాలి. నిన్న రావడానికి సిగ్గేసింది."

ముందు అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. ఇల్లు మళ్లీ ఎప్పటిలాగే బావురుమంది.

ఒనొరాటా మాత్రం కదల్లేదు. "నేనూ ఇవాళ ఆడాను, నీ వెనక వరసలోనే. నువ్వు ఒక్కసారి తిరిగి చూస్తేగా," అని రెండో కంచం తీసుకుని పులుసు వడ్డించుకుంది. "నువ్వూ తిను, చల్లారిపోతుంది."

తిబూర్సియా ఆ ఉయ్యాలని ఇంతవరకూ వెనక్కి అడగలేదు. ఒనొరాటాకి యాభై ఎనిమిదైనా, సాంటా క్లారా పిల్లల్నిస్తుందని తిబూర్సియాకి నమ్మకం పోలేదట.