గుమ్మం మీద తల, గుమ్మం కింద బావ

"బామ్మర్దీ! ఈ నగరంలో నేరస్థుడు రెండిటి నుంచి తప్పించుకోలేడు. ఒకటి వాడి నీడ. రెండోది మీ బావ!"

అని ప్రకటించి, మా బావ, మా అక్క నడిపే టీ కొట్టు ముందున్న స్టూలు మీద కూర్చోబోయి, గ్లాసులు కడిగే బకెట్‌లో కూర్చున్నాడు.

బావ ఒకప్పుడు ఆఫీసుల్లో టైపు మిషన్లు బాగుచేసేవాడు. టైపు మిషన్లు అంతరించాక డిటెక్టివ్‌గా అవతరించాడు. ఇంతవరకు ఎవర్నీ పట్టుకోలేదు గానీ, మాటు వేసి తడిసినందుకు ఆయన్నే జలుబు పట్టుకుంది.

ఆ వీధి నిండా బ్యాంకులు, టైలు కట్టుకున్న మనుషులు. నేను గుమాస్తాగా పనిచేసే పాత రాతి భవనం గుమ్మం మీద ఒక రాతి తల ఉంది. వంకర ముక్కు, చేటంత చెవులు. మొదట్లో అక్కడున్న బ్యాంకు వాళ్లు అది తమ స్థాపకుడిదన్నారు. తర్వాత వచ్చిన బీమా కంపెనీ, తమ మొదటి పాలసీదారుడిదంది. షేర్ల దళారులు మాత్రం ఎవరిదో అడక్కుండానే పొద్దున దండం పెట్టి లోపలికెళ్లి, సాయంత్రం దాన్నే తిట్టుకుంటూ బయటికొచ్చేవారు.

ఇప్పటి యజమానికి గాజు తలుపులు కావాలి. అందుకని గుమ్మం కూలుస్తానంటున్నాడు. అక్క టీ కొట్టు ఆ గుమ్మం కమాను కిందే ఉంది, వాళ్ల ఇల్లు గడిచేది దాని మీదే. పాత కట్టడాల శాఖ అధికారిణి ఆ మధ్యాహ్నమే చూడ్డానికి వస్తోంది. తల ఎవరిదో తేలితే గుమ్మం ఉంటుంది, తేలకపోతే కొట్టుతో సహా పోతుంది.

బావ పైకి చూశాడు. ముఖం పాలిపోయింది.

"తల ఉంది. మరి మొండెం ఏదిరా?"

"బావా, అది రాయి."

"హంతకుడు నీలాంటి వాళ్లని అలాగే నమ్మిస్తాడు!"

వెంటనే వాచ్‌మన్‌ మీద పడ్డాడు. "నిజం చెప్పు. మొండెం ఎక్కడ దాచావ్?"

"నేను మొన్ననే చేరాను సార్!"

"అంటే హత్య చేసి పారిపోయి, మొన్న తిరిగొచ్చావన్నమాట!"

వాచ్‌మన్ లాఠీ చేతిలోకి తీసుకున్నాక బావ అతన్ని నిర్దోషిగా విడుదల చేశాడు.

అక్కకి ఏడుపొచ్చేసింది. "ఏవండీ, నా కొట్టు పోతోందంటే మీకు ఆటగా ఉందా?"

బావ గొంతు ఒక్క క్షణం మామూలు మనిషి గొంతయింది. "పోనివ్వనే" అన్నాడు. నాకు జాలేసింది.

సంచి భుజాన వేసుకున్నాడు. అందులో భూతద్దం, టార్చి, రహస్య ద్వారాలు తెరవడానికి వాళ్ల ముత్తాత నాటి ఉలి ఉన్నాయి. పక్క గోడకి రంగు వేస్తున్నవాళ్లు భోజనానికి వెళ్లారు. వాళ్ల నిచ్చెన లాక్కొచ్చి ఎక్కాడు. పైమెట్టుకి తెల్ల రంగు డబ్బా వేలాడుతోందని నేను అరిచేలోపే అధికారిణి కారు దిగింది, రాతి చెవి వెనకనుంచి పావురం లేచింది.

"శత్రువు!" అని బావ చెయ్యి విసిరాడు. డబ్బా ఎగిరి సగం రాతి తల మీద, సగం బావ తల మీద పడింది. సంచిలోంచి ఉలి జారి అధికారిణి కాళ్ల ముందు పడింది.

ఆవిడ తలెత్తింది. పక్కపక్కనే రెండు తెల్ల తలలు. అదే వంకర ముక్కు, అవే చెవులు.

"వీటిలో రాతిది ఏది?" అంది.

"కదలనిది, మేడం" అన్నాను. బావ కూడా భయంతో కదలడం లేదు.

అక్క కంగారుగా బకెట్ నీళ్లు పైకి విసిరింది. రంగుతోపాటు రాతి మెడ మీద ఏళ్ల తరబడి పేరుకున్న నాచూ ఊడింది. దాని కింద చిన్న చేప గుర్తు కనిపించింది. అధికారిణి ఉలి చేతిలోకి తీసుకుంది. దాని మీదా అదే చేప.

"ఇది చెక్కినవాడి గుర్తు. ఈ ఉలి ఎవరిది?"

"మా ముత్తాతది. రాళ్లు చెక్కేవాడట" అన్నాడు బావ, నోట్లోంచి రంగు ఉమ్ముతూ.

ఆవిడ పకపకా నవ్వింది. "ఆయన తన ముఖమే చెక్కుకుని ఇంతమంది డబ్బున్నవాళ్ల నెత్తినెక్కి కూర్చున్నాడన్నమాట! ఇంతకన్నా చరిత్ర ఏం కావాలి? ఈ గుమ్మం మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు."

అక్క ఏడుస్తూనే నవ్వేసి, అందరికీ టీ పోసింది. బావ తడి జుట్టు దువ్వుకుని గొంతు సవరించుకున్నాడు.

"అంతా నా పథకం ప్రకారమే జరిగింది. పావురంతో సహా. అయితే కేసు సగమే తేలింది. తల మా ముత్తాతది, సరే. మరి మొండెం?"

అక్క ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టింది.

"దానికోసం వెతక్కండి. పెళ్లయినప్పటి నుంచీ మనింట్లోనే తిరుగుతోంది."