నీలం నిమ్మరసం

ఆ ఆదివారం ఉదయం కోడలి పథకం చాలా మామూలుది. శంఖుపూలు వేడినీళ్లలో నానబెట్టి నీలం రంగు తీయాలి. పంచదార పాకం కలిపి, గాజు జాడీలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టాలి. నిమ్మరసం వేరే సీసాలో తీసుకెళ్లాలి. మధ్యాహ్నం మేడ మీద పళ్ల డాక్టరమ్మ కూతురి పుట్టినరోజు. అక్కడ అందరి ముందూ ఆ నీలం నీళ్లలో నిమ్మరసం పోస్తే అది ఊదాగా, ఆ తర్వాత గులాబీ రంగుగా మారుతుంది. పైన సోడా, కేకుల మీద చల్లే మెరుపు పొడి చిటికెడు. జనం నోరు తెరుస్తారు. తెరిచిన నోట్లో పోయడమే.

ఆ నోళ్లలో ఒకటి ముఖ్యం. అది ఫంక్షన్ హాలు యజమానిది. డాక్టరమ్మకు దూరపు అన్న. తన హాల్లో పానీయాల కౌంటరు నడపడానికి మనిషి కోసం వెతుకుతున్నాడు. ఇవాళ నచ్చితే కౌంటరు కోడలిది. నచ్చకపోతే రేపు మళ్లీ బట్టల షాపులో బిల్లులు కొట్టడానికి వెళ్లాలి. అక్కడ కుర్చీ ఉండదు. గోడకు ఆనుకున్నా సూపర్‌వైజరు వచ్చి పక్కన నిలబడి దగ్గుతాడు. ఆ దగ్గు వినీ వినీ ఆమెకు ప్రాణం విసిగిపోయింది.

రంగు మారే సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ముందే తెలిస్తే మజా ఏముంది. మొగుడికి మాత్రం ఒక ముక్క చెప్పింది.

"ఆ జాడీ ముట్టుకున్నారో, నేను ఊరుకోను."

అలా చెప్పి సోడాలకీ ఐసుకీ వెళ్లింది. ఇంట్లో మిగిలింది ఇద్దరు, మొగుడూ మామగారూ. వాళ్లను విడివిడిగానే ఇంట్లో వదలకూడదు. కలిపి అసలే వదలకూడదు.

మామగారు నీళ్ల పరీక్ష కేంద్రంలో పనిచేసి రిటైరైన మనిషి. వీధిలో అందరూ ఆయన్ని శాంపిల్‌గారు అంటారు. బావి నీళ్లు, కుళాయి నీళ్లు, ట్యాంకు నీళ్లు సీసాల్లో ఆయన బల్ల మీదికి వచ్చేవి. మందు చుక్క వేసి చూసేవాడు. రంగు మారిందా, ఆ బావికి మూతే. ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. పాలవాణ్ణి, బంధువుల్ని, వియ్యాలవారిని అందర్నీ అలాగే పరీక్షించాడు. ఎవరూ పాసవలేదు.

ఆయన పొద్దున్నే నిమ్మకాయ నీళ్లు తాగుతాడు. ఆ రోజూ తాగాడు. గ్లాసు కడుక్కోకుండానే ఐసు ముక్క కోసం ఫ్రిజ్ తెరిచాడు. నీలం జాడీ కనిపించింది. ఆయన జీవితంలో మంచినీళ్లు నీలంగా ఉండగా చూడలేదు. చెంచాడు తీసి గ్లాసులో పోశాడు. గ్లాసు అడుగున ఉన్న నీలం ఊదా అయింది. చూస్తూండగానే గులాబీ అయింది.

శాంపిల్‌గారు కుర్చీలో కూర్చున్నాడు. గ్లాసులో తన నిమ్మరసం మిగిలి ఉందన్న ఆలోచన ఆయనకు రాలేదు. తన గ్లాసును అనుమానించే అలవాటు ఆయనకు లేదు.

పరీక్ష ముందుకు సాగింది. జాడీ పక్కన చిన్న డబ్బా. తెరిస్తే వెండి పొడి, తళతళా మెరుస్తోంది. కొత్త కార్ల మీద అలాంటి మెరుపే ఉంటుంది. తర్వాత స్నానాల గదికి వెళ్లాడు. బట్టలకు పెట్టే నీలిమందు సీసా గూట్లో ఉంది. ఖాళీ. మొన్నటికి నిండుగా ఉన్న సీసా.

"అదీ సంగతి," అన్నాడు. ఆయన ఉత్తపుణ్యానికి నోరు విప్పడు.

కొడుకు వరండాలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చెప్పుల దుకాణంలో పని. రోజంతా ఎవరి కాళ్ల దగ్గరో కూర్చుని లేస్తాడు. ఇంటికొచ్చినా అదే వినయం.

"ఫ్రిజ్‌లో ఆ నీలం నీళ్లేంట్రా?"

"నాకేం తెలీదు నాన్నా."

"ఏం తెలీదు?"

"ఏమీ తెలీదు. ముట్టుకోవద్దంది. ముట్టుకోలేదు."

అడగని దానికి జవాబు చెప్పేవాడు దోషి అని శాంపిల్‌గారి లెక్క. ఈసారి ఆ లెక్క కుదిరింది.

"నాలిక చూపించు."

"ఇప్పుడెందుకు నాన్నా, చొక్కా కాలుతుంది."

"కాలనీ. చూపించు."

కొడుకు నాలిక చాపాడు. నీలంగా ఉంది. పెళ్లాం మెట్లు దిగగానే జాడీ ఎత్తి నాలుగు గుటకలు మింగాడు పాపం. బాగుందనుకున్నాడు కూడా.

"ఎంత తాగావు?"

"ఏం తాగలేదు."

"ఎవరిచ్చారు? అదేనా?"

"దాని మాటెత్తకండి నాన్నా. మీకు దణ్ణం పెడతాను. దానికి తెలిస్తే నేను బతకను."

ఈ ఆఖరి మాట శాంపిల్‌గారికి చాలు. కొడుకు జబ్బ పట్టుకుని కింది వాటాలో ఉండే నర్సమ్మ దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది.

నర్సమ్మ పెద్దాసుపత్రిలో చాలా ఏళ్లు చేసి వచ్చిన మనిషి. ఆమెకు కోడలి మీద ఏనాటి నుంచో గుర్రు. పోయినేడు కుక్కరు అడిగి తీసుకుని, రబ్బరు లేకుండా తిరిగిచ్చిందని. కుక్కరు రబ్బరు లేకుండా ఇచ్చేవాళ్లు దేనికైనా తెగిస్తారని ఆమె నమ్మకం.

"ఏం తాగావు నాయనా?"

కొడుకు నేల చూపులు చూశాడు.

"చెప్పు. మందివ్వాలంటే తెలియాలి కదా."

"చెప్పలేనండీ."

"చెప్పలేవా, చెప్పకూడదా?"

మెట్ల మీద చప్పుడైతే కొడుకు భయంగా అటు చూశాడు. ఐసు మూట భుజాన వేసుకుని కోడలు వస్తున్న చప్పుడది. నర్సమ్మ ఆ చూపు చూసింది. శాంపిల్‌గారి వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, వాళ్లిద్దరికీ ఏమన్నా గొడవలా?"

"మొగుడూ పెళ్లాలు కదమ్మా. లేకుండా ఎలా ఉంటాయి."

"బీమా ఏమన్నా కట్టాడా?"

"ఆ పిల్లే కట్టించింది. పెళ్లయిన ఏడాదే."

నర్సమ్మ లేచింది. చెంబుడు ఉప్పునీళ్లు కలిపి తెచ్చింది. కొడుకు వద్దన్నాడు. ఆమె ముక్కు పట్టుకుని పోసింది. మనిషి వంగాడు. కడిగి ఆరబెట్టుకున్న తెల్లటి నేల మీద నీలం మడుగు కట్టింది. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ కుర్చీలు అడగడానికి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏమైంది?"

"మీ పుట్టినరోజు పానీయం," అంది నర్సమ్మ. "ముందు ఇంట్లోవాడి మీద ప్రయోగించింది."

డాక్టరమ్మ చాలా మర్యాదస్తురాలు. పిలిచిన చుట్టాలు దారిలో ఉన్నారు. కేకు వచ్చేసింది. రుజువు లేకుండా ఒకరిని మొహం మీద అనలేదు. అందుకని వచ్చినవాళ్లకు వచ్చినట్టు చెవిలో చెప్పింది. "ఆ రంగు నీళ్లు మాత్రం తాగకండి. కారణం తర్వాత చెబుతాను. ఎవరితోనూ అనకండి." ఎవరితోనూ అనవద్దన్నారు కాబట్టి ఎవరికివారు కారణం కూడా కల్పించుకుని పక్కవాళ్లకు చెప్పారు. మధ్యాహ్నానికి కోడలు ముగ్గురు మొగుళ్లను చంపిన మనిషైంది. ఇతను నాలుగోవాడట.

కోడలికి ఇవేవీ తెలియవు. మేడ మీద బల్ల వేసి, తెల్ల గుడ్డ పరిచి, గ్లాసులు వరసగా పెట్టింది. నీలం పోసింది. నిమ్మరసం సీసా పైకెత్తి అందరికీ చూపించింది.

"అందరూ ఇటు చూడండి."

అందరూ ముందునుంచీ ఇటే చూస్తున్నారు. ఆమె ధార కట్టి పోసింది. నీలం ఊదా అయింది. ఊదా గులాబీ అయింది. మెరుపు పొడి చల్లితే గ్లాసుల్లో నక్షత్రాలు గిర్రున తిరిగాయి. చప్పట్లు పడాల్సిన చోట జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

"తీసుకోండి పిన్నిగారూ."

"నాకు పులుపు పడదమ్మా."

"మీరు తీసుకోండి బాబాయ్."

"నాకు తీపి పడదు."

"మీకు?"

"నాకు మెరుపు పడదమ్మా, కళ్లు మండుతాయి," అన్నాడు ఒకాయన. అంతకంటే మంచి సాకు దొరకలేదు పాపం.

మొహమాటపడి గ్లాసు తీసుకున్నవాళ్లు పిట్టగోడ దాకా షికారు వెళ్లి, పూలకుండీల దగ్గర కాసేపు ప్రకృతిని చూసి, ఖాళీ గ్లాసుతో వచ్చారు. కోడలు గమనించింది. ఆమె మాత్రం తక్కువ అనుమానం మనిషా, అదే ఇంట్లో అన్నం తింటోంది. డాక్టరమ్మ కౌంటరు ఇంకెవరికో ఇప్పించాలని ముందే అందరికీ చెప్పి పెట్టిందనుకుంది. మొగుడి వైపు చూసింది. వాడు పాలిపోయి ఓ మూల కూర్చుని ఉన్నాడు. ఓహో, వీడికీ తెలుసన్నమాట అనుకుంది. మామగారు బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న సీసా, సీసాలో నీలం నీళ్లు, మూత మీద లక్క. దాని సంగతి తర్వాత చూసుకోవాలనుకుంది.

అప్పుడొచ్చాడు హాలు యజమాని. భారీ మనిషి, పై అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చాడు. చెమట కారుతోంది. నోట మాట రావడం లేదు. డాక్టరమ్మ చెవిలో చెబుదామని పరుగున వచ్చేలోపే బల్ల మీది గ్లాసు ఎత్తి గడగడా తాగేశాడు.

బుడగలు ఊదుతున్న పిల్లలు కూడా ఆగిపోయారు. ఆయన రెండో గ్లాసు తీశాడు. మూడోది కూడా. మూతి తుడుచుకుని తల ఎత్తితే మేడ మీది మనుషులందరూ ఊపిరి బిగబట్టి తననే చూస్తున్నారు.

"ఏంటి, అందరూ అలా చూస్తున్నారు?"

నర్సమ్మ వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఎలా ఉంది?"

"బాగుందమ్మా. పులుపు ఇంకాస్త ఉన్నా బాగుండేది."

"రుచి కాదు. మీకు ఎలా ఉంది? కడుపులో?"

"చల్లగా ఉంది."

"కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయా?"

"మెట్లెక్కాను కదా. ఎందుకు?"

కోడలు నిమ్మరసం సీసా బల్ల మీద ఠప్పున పెట్టింది. "ఏం జరుగుతోందిక్కడ? ఆయన్ని ఎందుకలా అడుగుతున్నారు?"

శాంపిల్‌గారు ఒక అడుగు ముందుకేశాడు. "ఇందులో నీలిమందు ఉంది. పరీక్ష చేశాను. రంగు మారింది."

హాలు యజమాని చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. చెమట మళ్లీ మొదలైంది.

"నీలిమందా?" అంది కోడలు.

"సీసా ఖాళీగా ఉంది. నా కళ్లతో చూశాను."

"మీ తెల్ల చొక్కాలన్నీ నిన్న ఉతికి పెట్టింది ఎవరు మామయ్యా? అదే నీలిమందుతో. ఇప్పుడు ఒంటి మీదున్నది చూసుకోండి."

అందరూ ఆయన చొక్కా చూశారు. ఎండలో లేత నీలంగా మెరుస్తోంది. కాస్త ఎక్కువే పెట్టింది. ఆయన మాత్రం చూసుకోలేదు.

"మరి రంగు ఎందుకు మారింది?"

"అవి శంఖుపూల నీళ్లు. నిమ్మరసం తగిలితే మారతాయి. ఇంతసేపూ మీ ముందు నేను చేసిందేంటి?"

"నేను పరీక్ష చేసినప్పుడు నిమ్మరసం ఎక్కడిది?"

"పొద్దున్న మీరు తాగిందేంటి?"

"చెప్పొచ్చు కదా ముందే."

"అడిగితే చెప్పేదాన్ని."

"అడిగితే నిజం ఎవరు చెబుతారు?"

ఆమె మొగుడి వైపు తిరిగింది. "మీకేమైంది?"

"ఏం కాలేదు. ఉప్పునీళ్లు తాగించారు."

"ఎందుకు?"

వాడు నాలిక బయటపెట్టాడు. చెప్పడం కంటే అదే సులువనిపించింది. ఆమె ఆ నాలిక చూసి, ఆ సంగతి ఇంటికెళ్లాక చూసుకుందామన్నట్టు తల ఊపింది. తర్వాత ఒక గ్లాసు తీసుకుని అందరి ముందూ తాగేసింది. ఒక్కరూ క్షమించమనలేదు. ఇంకో గ్లాసు ఉందా అని మాత్రం అడిగారు. పులుపు పడనామె రెండు తాగింది. మెరుపు పడనాయన పిల్లలకు తెస్తానని వెళ్లి దారిలో తనే తాగేశాడు.

హాలు యజమాని మాత్రం గ్లాసు ముట్టుకోలేదు. శాంపిల్‌గారి చేతిలో సీసానే చూస్తున్నాడు. కోడలు ఆ చూపు చూసింది. కౌంటరు పోయినట్టే. సూపర్‌వైజరు దగ్గు అప్పుడే చెవిలో వినిపిస్తోంది.

"ఆ లక్క ఎందుకు పెద్దాయనా?"

"శాంపిలు. ఎవరూ మార్చకుండా. రేపు ఎవరైనా పోతే సాక్ష్యం."

"సొంత కోడలి మీదే?"

"నీళ్లకు వరసలు ఉండవు."

యజమాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పోయిన నెల తన హాల్లో పాత కౌంటరువాడు ఏం కలిపాడో ఏమో, పెళ్లివారు సగం మంది ఆసుపత్రిలో తేలారు. అప్పటినుంచి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న నీళ్లు ఎక్కడివి అనే. బోర్డు పెట్టినా నమ్మడం లేదు. తను స్వయంగా చెప్పినా నమ్మడం లేదు.

"అమ్మా," అన్నాడు కోడలితో, "కౌంటరు నీకిస్తాను. కానీ ఒక షరతు. ఈయన కూడా రావాలి. ప్రతి విందుకూ, ఇలాగే సీసా పట్టుకుని బల్ల పక్కన నిలబడాలి. కన్న కొడుకునీ కోడలినీ నమ్మని మనిషి పాస్ చేశాడంటే ఇక జనం తాగడానికి అడ్డేముంది."

కోడలు మామగారిని చూసింది. బట్టల షాపును తలుచుకుంది. మళ్లీ మామగారిని చూసింది. ఎటు చూసినా పక్కన ఒకడు నిలబడక తప్పదు.

"సరేనండీ," అంది.

శాంపిల్‌గారు సరే అనలేదు. ఆయనకూ ఒక షరతు ఉంది. ప్రతి విందులోనూ మొదటి గ్లాసు యజమానే తాగాలి, తన కళ్ల ముందు, చివరి చుక్క దాకా. యజమాని నవ్వి వెంటనే ఒప్పుకున్నాడు.

అంత సులువుగా ఒప్పుకోవడం చూసి, ఇతనిలో ఏదో ఉందనుకుని శాంపిల్‌గారు ఆ క్షణం నుంచే అతన్ని కనిపెట్టి చూడడం మొదలుపెట్టాడు.