దాపరికం లేని కంపెనీ

ఒసాకాలో ఇరవై రెండేళ్లుగా పెద్దలకు మాత్రమే గేములు తయారుచేస్తున్న 'తడి కిమోనో' సంస్థ ఇకమీదట 'ప్యూర్ హ్యూమన్ హొరైజన్ గ్లోబల్' అని ప్రెసిడెంట్ కురియామా గారు ప్రకటించారు. విదేశాల వాళ్లకు నోరు తిరగాలని పెట్టిన పేరది. ఆఫీసులో ఒక్కరికీ నోరు తిరగలేదు. దాంతోపాటు కొత్త నినాదం కూడా వచ్చింది: 'మా దగ్గర దాపరికం లేదు.'

అది వినగానే ఉజావా గారి గుండె జారిపోయింది. ఆయన ఉద్యోగమే దాపరికం. చట్టం చూపించకూడదన్న చోటల్లా బొమ్మ మీద గళ్లు గళ్లుగా మసక పరిచే మొజాయిక్ విభాగానికి ఆయనే అధిపతి, ఆయనే సిబ్బంది. అత్తవారింట్లో మాత్రం 'మొజాయిక్ పని' అని చెప్పుకున్నారు. స్నానాలగది టైల్స్ గురించి మామగారు రెండుసార్లు సలహా అడిగితే ఇచ్చారు కూడా.

"విదేశాల్లో ఆ చట్టం లేదు కదా ఉజావా గారూ. మసక తీసేస్తే అదే ఎగుమతి సరుకు," అన్నారు ప్రెసిడెంట్.

"మరి నా సంగతేంటండీ?"

"మిమ్మల్ని వదులుకుంటామా? మసక లేని గేముల ఆవిష్కరణ రోజు బటన్ మీ చేతే నొక్కిస్తాం. ఆ తర్వాత వదులుకుంటాం."

యాభై ఆరేళ్ల వయసులో, కప్పడం తప్ప మరో విద్య రాని మనిషిని ఎవరు పనిలో పెట్టుకుంటారు? ఉజావా గారికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా సంస్థ క్షేమం కోరి నడుం వంచి నమస్కరించారు.

సంస్కరణలు జోరందుకున్నాయి. గేములో వేడినీటి సత్రం నడిపే నలభై ఏళ్ల వితంతువు షిజుయో కాస్తా విక్టోరియా అయింది. ఆమె చేతిలో చాప్‌స్టిక్స్ పోయి ఫోర్కు వచ్చింది. మిసో సూపు మార్చడానికి వ్యవధి చాలక, దాన్ని ఫోర్కుతోనే తాగుతోంది.

ఆవిష్కరణకు ప్రభుత్వ ఎగుమతుల శాఖ నుంచి ఇసోబే గారు, జర్మనీ నుంచి ఇద్దరు కొనుగోలుదారులు విచ్చేశారు. ఇసోబే గారు పారదర్శకత మీద నలభై నిమిషాలు మాట్లాడారు. ఏం చెప్పారో చివరిదాకా బయటపడనివ్వలేదు. తర్వాత ఉజావా గారు బటన్ నొక్కారు.

తెర మీద మసక మాయమైంది. దాని కింద తెల్లగా ఖాళీ. ఖాళీ మధ్యలో పెన్సిలు రాత: 'ఎలాగూ ఉజావా గారు కప్పేస్తారు. వదిలేశాను.' తర్వాతి బొమ్మా అంతే. నలభై ఒక్క గేముల్లోనూ అంతే.

ప్రెసిడెంట్ గారు ముఖ్య చిత్రకారుడు ఓగిసో చెవిలో, ఇప్పటికిప్పుడు గీసెయ్యమన్నారు.

"ఏం గీయాలండీ?" అన్నాడు ఓగిసో, అమాయకంగానే.

ప్రెసిడెంట్ గారు ఉజావా గారి వైపు తిరిగారు.

"నాకేం తెలుసండీ? మర్యాద కోసం కళ్లు మూసుకుని కప్పేవాణ్ణి."

ఇసోబే గారు లేచి చప్పట్లు కొట్టారు. ఇంత పారదర్శకత తన సర్వీసులో చూడలేదన్నారు. మర్యాద తప్పుతుందేమోనని జర్మన్లూ కొట్టారు.

సోమవారం ఉదయమే మసక మళ్లీ వేసెయ్యమని ఆర్డరు వచ్చింది. విభాగం మూసివేత రద్దయింది. ఉజావా గారు కుర్చీలో కూలబడి, టీ చల్లారేదాకా ఊపిరి పీల్చుకున్నారు. అంతలో ఇసోబే గారి ఫోను. శాఖ సాధించిన విజయాల వార్షిక నివేదిక అచ్చుకు వెళుతోందనీ, రెండు వారాలు ఉజావా గారిని తమకు పంపాలనీ కోరారు.

"ఏ పేజీలు కప్పాలండీ?" అడిగారు ఉజావా గారు.

"అట్ట వదిలేసి మిగతావన్నీ."