మూగజీవ సంఘం వారి గుర్తు

తిరుపతి పట్టణంలో ఇకమీదట ఏ మూగప్రాణీ కన్నీరు పెట్టబోదని రావుసాహెబ్ రంగనాథం గారు నిండు సభలో ప్రకటించారు. ఆయన పేరుమోసిన ప్లీడరు. బిరుదు ఇచ్చినంతకాలం తెల్లదొరల మనిషి. మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన మరునాటి నుంచి ఖద్దరు మనిషి. అంత త్వరగా కరిగే హృదయం మూగజీవాల కోసం కరగడంలో వింతేముంది!

ఆ విధంగా మూగజీవ సంరక్షణ సంఘం పుట్టింది. రంగనాథం గారే అధ్యక్షులు. ఊరి చివర రేకుల షెడ్డు వేయించారు. ముసలివి, కుంటివి, గుడ్డివి అన్నిటికీ అక్కడ నీడ, మేత. షెడ్డయింది, గడ్డివామి అయింది. ఇక పశువులను చేర్చుకోవడమే తరువాయి అనుకుంటుండగా, సంఘానికి ముందొక గుర్తు ఉండాలని అధ్యక్షులకు తట్టింది.

బోర్డులు రాసే చెంగల్రాయుడికి కబురు వెళ్లింది. బస్సుల మీద పేర్లు, అంగళ్ల మీద అక్షరాలు, వాటి పక్కన చిలకలూ నెమళ్లూ వేయడం అతని పని. కబురు అందగానే అతను ఎగిరి గంతేశాడు. అతని గుడిసె ముందు మైలోడు ఉన్నాడు. మైలోడంటే చెంగల్రాయుడి నాయన బండికి కట్టిన ఎద్దు. ఇప్పుడు కళ్లు కనపడవు, కాడి మోయలేడు. ఆ ఏడు వానలు లేవు, గడ్డి లేదు. తోళ్ల వ్యాపారి వారం వారం వచ్చి ఎద్దు వీపు నిమిరి పోతున్నాడు. "వాణ్ణి మాత్రం తోళ్లోళ్లకు ఇయ్యబాకురా" అని నాయన చివరిమాటగా చెప్పి పోయినాడు.

"నాకు కూలి వద్దు సామీ. మా మైలోణ్ణి షెడ్డులో పెట్టుకుంటే చాలు" అన్నాడు చెంగల్రాయుడు.

"దానికేమప్పా! మొదటి పశువు నీదే" అన్నారు రంగనాథం గారు. "గుర్తు తేలనీ. లేబులు లేని సీసాలో ఎవడైనా మందు పోస్తాడా?"

చెంగల్రాయుడు ఆవు బొమ్మ వేశాడు. కమిటీ కూర్చుంది. ఆవు అందరికీ నచ్చింది. అయితే జట్కాల సంఘం పెద్ద మునస్వామి మెల్లగా దగ్గాడు.

"మా గుర్రాలు మూగవి కావా? అవి మాట్లాడంగా మీరెవురన్నా ఇన్నారా?"

గుర్రం చేరింది. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన సభ్యుడు మునిరామయ్య, మా ఊరి సాలీడు, పాము, ఏనుగు లేని గుర్తును మేము ఒప్పుకోము అన్నాడు. సాలీడును మనం సంరక్షిస్తామా అని ఎవరో అడిగితే, ఆవును సంరక్షిస్తున్నామా అని ఆయన తిరిగి అడిగాడు. సాలీడు చేరింది. మిషన్ బడి పంతులు గొర్రెపిల్లను కోరారు. అన్నిటి నెత్తిన అధ్యక్షులు తెల్లదొరల కిరీటం పెట్టించారు. ఆగస్టు పదిహేను రాగానే వారే దాన్ని తీయించి, అదే చోట రాట్నం పెట్టించారు. రాట్నం ఏనుగు వీపు మీదికి వచ్చింది.

కమిటీ కూర్చున్నప్పుడల్లా చెంగల్రాయుడు తుడవడం, మళ్లీ గీయడం. ఇంటికొస్తే మైలోడి డొక్కలు లోపలికి పోతున్నాయి. ఇంటి కప్పు మీది బోదగడ్డిని గుప్పెడు గుప్పెడుగా లాగి వాడికి వేస్తోంది భార్య వరదమ్మ.

"ఏందయ్యా, ఏనుగు బొమ్మకుండే నీడ మన ఎద్దుకు లేకపాయెనే!"

"కడాకు వచ్చిందిలేమే. ఇంగ గుర్రానికి తోకే బాకీ."

ఇంతలో మంత్రిగారు ప్రారంభోత్సవానికి వస్తున్నారని తెలిసింది. ఏ జంతువు ముందుండాలన్న దానిమీద కమిటీలో చొక్కాలు చిరిగాయి. ఇటువంటి కష్టకాలంలోనే నాయకుడి గొప్పతనం తెలుస్తుంది. రంగనాథం గారు లేచి, "జంతువులన్నిటినీ తీసెయ్యి. తగువుండదు. మేత అందించే చెయ్యి ఒక్కటి వెయ్యి" అన్నారు. ఎవరి చెయ్యి అన్న ప్రశ్న రాకుండా ఉంగరాల చెయ్యి తామే చాపి కూర్చున్నారు.

"గడ్డి పరకలు ఎన్ని ఎయ్యాల సామీ?"

"గడ్డెందుకప్పా? ఇచ్చేవాడు ముఖ్యం."

ప్రారంభోత్సవం నాడు షెడ్డు నిండా మామిడి తోరణాలు, మంత్రిగారి ఫలహారానికి బల్లలు. గడ్డివామిని ముందురోజే పీకి, కుర్చీల కాళ్లు దిగబడకుండా నేలంతా పరిచారు. చెంగల్రాయుడు, అధ్యక్షులు అన్న మాట ప్రకారం, మైలోణ్ణి తోలుకొచ్చాడు. లోపల చోటు లేదన్నారు. గేటు పక్కన ఎండలో నిలబడ్డాడు. తన తువ్వాలు తడిపి ఎద్దు నెత్తిన కప్పాడు.

మంత్రిగారు కారు దిగి బోర్డు చూశారు.

"హస్తసాముద్రికానికి కూడా ఈ ఊళ్లో సంఘముందా?"

అందరూ నవ్వారు. రంగనాథం గారు అందరికంటే ఎక్కువ నవ్వారు.

"అది సరే, పశువులేవీ?" అన్నారు మంత్రిగారు. "ఇంతవరకూ మీ సంఘం చేసిన పనేమిటి?"

రంగనాథం గారు అటూ ఇటూ చూశారు. ఎముకలు లెక్కపెట్టేటట్టున్న మైలోడు కనిపించాడు. తాడు పట్టుకున్న చెంగల్రాయుడు చేతులు జోడించాడు.

"పనా? ఇదిగో, చిత్తగించండి. నోరులేని జీవాన్ని మాడ్చి, ఎండలో నిలబెట్టిన దుర్మార్గుణ్ణి ఇప్పుడే పట్టుకున్నాము. కానిస్టేబుల్!"

చప్పట్లు మోగాయి. మంత్రిగారు చలించిపోయి, సంఘానికి సర్కారు గ్రాంటు అక్కడికక్కడే ప్రకటించారు. సంఘం రక్షణలో జీవాలు ఉన్నంతకాలం గ్రాంటుకు లోటుండదన్నారు.

చెంగల్రాయుడు స్టేషనుకు నడుస్తూ అడిగాడు, "మా మైలోణ్ణి ఏం జేస్తారన్నా?"

"ఎద్దు కేసులో సాక్ష్యమబ్బా" అన్నాడు కానిస్టేబుల్. "తీర్పయ్యేదాకా బందెలదొడ్డిలో ఉంటాది. రెండుపూట్లా సర్కారు మేత. సాక్ష్యం సస్తే మా తలకాయలు పోతాయి."

చెంగల్రాయుణ్ణి జామీను మీద వదిలారు. రంగనాథం గారు సంఘం పుస్తకంలో మైలోణ్ణే మొదటి పశువుగా రాయించి, నెలనెలా గ్రాంటు తీసుకుంటున్నారు. వరదమ్మ రోజూ బందెలదొడ్డికి పోయి గోడ మీద నుంచి తొంగి చూసి వచ్చేది. మొదట్లో ఏడుస్తూ వచ్చేది. తర్వాత్తర్వాత నవ్వుతూ వచ్చింది. "తవుడు పెడతా ఉండారయ్యా! వొళ్లు నున్నగా వచ్చింది!"

కేసు పిలుపుకొచ్చిన రోజు కోర్టు కిటకిటలాడింది. మేజిస్ట్రేటుగారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"నేరం ఒప్పుకుంటావా, లేదా?"

చెంగల్రాయుడు బోనులో చేతులు కట్టుకుని ఆలోచించాడు.

"తొందరేం లేదు సామీ. వాయిదా ఎయ్యండి."

అవతలి బల్ల దగ్గర రంగనాథం గారు చప్పున లేచారు.

"మాకూ వాయిదాయే కావాలి, యువరానర్!"